మాటలు రాని సినిమా

"వదినా, చంపదలుచుకున్నవాడు ఎవడైనా పొద్దున్నుంచీ కూచుని ఏడు స్పీకర్లకి వైర్లు బిగించి, అవన్నీ సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత చంపుతాడా?"

గ్రుయా అడిగినదాంట్లో న్యాయం ఉంది. అయితే న్యాయమైన ప్రశ్న అడిగినంత మాత్రాన ఎవరూ లాకప్ నుంచి బయటపడరని ఇన్‌స్పెక్టర్ రదోయ్కకు ఇరవై ఆరేళ్ల ఉద్యోగం బాగానే నేర్పింది. పైగా ఈ కేసు ఆమెది కాదు, బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన లాలిచ్‌ది. లెస్కోవాత్స్ పోలీసులకు తమ ఊరి హత్య తాము తేల్చుకునే తెలివి లేదని పైవాళ్లు అనుకున్నారో, నిందితుడు ఆమెకు మాజీ మరిది కావడం వల్ల అలా చేశారో తెలియదు. రెండోదే కారణమైతే ఆమె కాదనలేదు. మొగుడికి విడాకులిచ్చి ఎనిమిదేళ్లయింది గానీ, మరిదికి ఎవరూ విడాకులివ్వరు. ఇప్పటికీ ఆమె ఇంట్లో టీవీ మొరాయిస్తే పరిగెత్తుకుంటూ వచ్చేది గ్రుయానే.

"నీ సంగతి నాకు తెలుసు. నాకు తెలిస్తే సరిపోదు" అంది రదోయ్క. "శనివారం ఏం జరిగిందో మళ్లీ చెప్పు. ఏడుపు మానేసి చెప్పు."

"ఏడవడం లేదు. జలుబు."

"సరే, జలుబు మానేసి చెప్పు."

గ్రుయా ముక్కు తుడుచుకున్నాడు. చనిపోయిన వుకాషిన్ ఒకప్పుడు బస్సులు తిప్పినవాడు. బస్సులన్నీ అమ్మేసి, దొరికిన తీరుబాటంతా సినిమాలకు ధారపోశాడు. ఇంట్లో కింది గదిని సినిమా హాలు చెయ్యమని గ్రుయాను పిలిచాడు. గోడలకు మెత్తలు, కిటికీకి రెండు పొరల అద్దం, గోడంత టీవీ. వేసవి అంతా ఆ పనితోనే సరిపోయింది.

"మూణ్ణెల్ల నుంచీ ఒకటే గోల వదినా. బాంబులు పడుతున్నాయి గానీ మాటలు వినపడటం లేదంటాడు. మాటలన్నీ టీవీ కింద పెట్టే నడిమి స్పీకర్లోంచే వస్తాయి. మిగతావాటికి బాంబులు, సంగీతం. చవకది చాలని తనే కొనిపించాడు, అది గొణుగుతోందని నన్ను తిట్టాడు. శుక్రవారం వాకిట్లో నిలబడి ఇద్దరం అరుచుకున్న మాట నిజమే. శనివారం పొద్దున్న పెద్దది తెచ్చి పెట్టాను, దిమ్మలా ఉంటుంది. వెనకాల రెండు స్పీకర్లు కూడా ఆ పూటే బిగించాను. తర్వాత ఆయన కుర్చీలో మైకు పెట్టి కొలతలు తీశాను."

"కొలతలంటే?"

"యాంప్లిఫయర్ ఒక్కో స్పీకర్లోంచి ఈల వేస్తుంది. మైకు వింటుంది. ఏది ఎంత దూరంలో ఉందో యాంప్లిఫయరే గుర్తు పెట్టుకుంటుంది. దేనికైనా వైరు లేకపోతే అది లేదనే గుర్తు పెట్టుకుని, దాని వాటా పక్కవాటికి పంచేస్తుంది. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. వార్తలు పెట్టి వినిపించాను. 'ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది' అన్నాడు. ఆయన నోట్లోంచి నేను విన్న మొదటి మంచి మాట అదే. పన్నెండున్నరకి గేటు దాటాను, ఇంటికెళ్లి పడుకున్నాను."

"పడుకున్నట్టు ఎవరు చూశారు?"

"పిల్లి చూసింది."

"బాగుంది. పిల్లిని జడ్జి ముందు నిలబెడదాం."

తలుపు తట్టకుండా లోపలికి వచ్చాడు లాలిచ్. నలభై లోపు వయసు, మడత నలగని కోటు. ఈ ఊళ్లో అడుగుపెట్టిన రోజు నుంచీ చేతికి ఏదో అంటుకున్నట్టు మొహం పెట్టుకునే తిరుగుతున్నాడు.

"చుట్టాల పలకరింపు అయిందా రదోయ్క గారూ?"

"కాలేదు. కాఫీ తెప్పిస్తారా?"

"కాఫీ ఎందుకు, కథ నేను చెప్తాను వినండి. వుకాషిన్ ఒంటిగంటకి సినిమా పెట్టుకున్నాడు. వాకిట్లో మిరపకాయలు కాలుస్తున్న నలుగురూ ఆ మోత విన్నారు. అంటే ఒంటిగంటకి మనిషి బతికే ఉన్నాడు. మూడు దాటాక మాత్రం బతికి లేడని డాక్టర్ చెప్తున్నాడు. ఆ మధ్యలో వాకిలి దాటి ఇంట్లోకి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. ఇక మిగిలింది సందులోకి తెరుచుకునే వెనక తలుపు. దాని తాళంచెవి ఎవరి జేబులో దొరికింది?"

"వైర్లు లాగే పనికి ఆయనే ఇచ్చాడు" అన్నాడు గ్రుయా.

"చూశారా, ఒప్పుకుంటున్నాడు."

"దేంతో కొట్టారో దొరికిందా?" అని అడిగింది రదోయ్క.

"పనిముట్ల సంచిలో సుత్తి ఉండాలి, లేదు. ఎక్కడ పారేశాడో రెండింటికి బండెక్కించాక జడ్జిగారే అడుగుతారు."

"సుత్తి ఆ ఇంట్లోనే మర్చిపోయానని మూడు సార్లు చెప్పాను" అన్నాడు గ్రుయా. అతని వైపు ఎవరూ చూడలేదు.

రెండింటికి బండి ఎక్కిస్తే గ్రుయాకు నెలకు తక్కువ కాకుండా రిమాండ్ పడుతుంది. తర్వాత నిర్దోషి అని తేలినా ప్రయోజనం లేదు. హంతకుడని ఒకసారి బండెక్కినవాణ్ని ఈ ఊళ్లో ఏ ఇల్లాలూ వైర్లు బిగించమని ఇంట్లోకి రానివ్వదు. అతనికి ఆ పని తప్ప మరోటి రాదు. రదోయ్క లేచింది.

"గది ఒకసారి చూడొచ్చా?"

"చూడండి. నేనూ వస్తాను" అన్నాడు లాలిచ్. "మీరొక్కరే వెళ్తే ఏదైనా మీ చేతికి అంటుకుని వచ్చేస్తే బాగుండదు కదా."

*

వుకాషిన్ ఇల్లు, స్టోయన్క ఇల్లు ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉంటాయి. మనిషి పోయి మూడో రోజైనా మిరపకాయలు కాల్చడం ఆగలేదు. నాలుగు బస్తాల ఎర్ర బుంగమిరపకాయలు కొని పెట్టుకున్నవాళ్లు, హత్య జరిగిందని వాటిని కుళ్లబెట్టుకోరు. డెబ్బై దాటిన స్టోయన్క రేకు పొయ్యి ముందు కూచుని, కాలిన కాయల తొక్క ఒలుస్తోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

ముప్పై దాటిన మనిషొకడు రెండు కప్పుల కాఫీ తెచ్చి లాలిచ్‌కు ఒకటి, రదోయ్కకు ఒకటి ఇచ్చాడు. వుకాషిన్ మేనల్లుడు బోగ్దాన్ అతనే. శవాన్ని మొదట చూసిందీ అతనే. సన్నగా, మర్యాదగా, కళ్ల కింద నల్లటి చారలతో ఉన్నాడు. కాఫీ ఇచ్చి కుళాయి దగ్గరికి వెళ్లి, ఐవార్ పచ్చడి పెట్టే సీసాలు కడుగుతూ కూచున్నాడు.

"బోగ్దాన్, శనివారం సంగతి" అంది రదోయ్క.

"అన్నీ ఆయనకి చెప్పానండీ" అని లాలిచ్‌ను చూపించాడు. "ఒంటిగంటకి మామయ్య సినిమా పెట్టాడు. అయ్యేదాకా పిలవొద్దన్నాడు. నేను వచ్చి వీళ్లతో కూచున్నాను. అయిదింటికి వేడి వేడి కాయలు పళ్లెంలో పెట్టుకుని తలుపు తీశాను. చూశాను, కేక వేశాను. దేన్నీ ముట్టుకోలేదు."

"దేన్నీ?"

"దేన్నీ. గుమ్మంలోంచే."

"విన్నారుగా" అన్నాడు లాలిచ్.

రదోయ్క స్టోయన్క పక్కన స్టూలు లాక్కుని కూచుంది. ఒక కాయ తీసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టింది. ఊరికే కూచున్నవాళ్లతో ఈ ఊళ్లో ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

"ఏం విన్నావు పిన్నీ?"

"ఏం వినడం, నా చెవుల తుప్పు వదిలింది. పార్టిజాన్ల సినిమా, మన గెరిల్లాలు ఆ సొరంగం దగ్గర జర్మన్ల రైలు కోసం కాపు కాస్తారే, అది. ఢాం ఢాం. గోడలకి ఆ మెత్తలు వేయించాక పిట్ట కూత కూడా బయటికి రాలేదమ్మా. హమ్మయ్య అనుకున్నాం. శనివారం మళ్లీ మొదలయ్యేసరికి, శుక్రవారం నేనేదో అన్నానని ముసలాడు కక్షకొద్దీ పెట్టాడనుకున్నాను."

"మాటలు కూడా వినపడ్డాయా?"

"మాటలెక్కడివి? ఒక్క ముక్క లేదు. బాంబులు, గుర్రాలు, బూరలు. మాటలన్నీ మేమే చెప్పుకున్నాం." స్టోయన్కకు నవ్వొచ్చింది, నవ్వకూడని చోటని గుర్తొచ్చి ఆపుకుంది. "ఆ సినిమా ఎవరికి రాదు? 'సూప్‌లో ఏముంది?' అని కమాండర్ అడుగుతాడు చూడు. 'ఆశ ఉంది కామ్రేడ్, ఉప్పు లేదు' అంటాడు వంటవాడు. మేం నలుగురం వంతులేసుకుని చెప్పాం. నాకు వంటవాడి వేషం."

లాలిచ్ గడియారం చూసుకున్నాడు. రదోయ్క చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"ఆ ఆట ఎవరు మొదలుపెట్టారు పిన్నీ?"

"ఎవరేంటి, బోగ్దానే. మొట్టమొదటి మాట దగ్గర్నుంచీ అందుకున్నాడు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడమ్మా, వాళ్లమ్మ పోయాక మరీనూ. ఆవేళ మాత్రం రేడియోలా వాగాడు. పోనీలే, మనసు తేలికపడిందేమో అనుకున్నాం." గొంతు తగ్గించింది. "ఆ గది వాళ్లమ్మదే కదా. రూజిత్సది. మూడేళ్లు మంచాన పడి ఆ గదిలోనే పోయింది. నలభయ్యో రోజు ప్రార్థన కూడా కాలేదు, ముసలాడు మంచం వాకిట్లో పడేసి టీవీకి గోడ కొలిచాడు. సొంత చెల్లెలు. నేను అన్నాను, సిగ్గు లేదా అన్నాను. ఈ పిల్లాడు మాత్రం ఒక్క మాట అనలేదు."

"ఒంటిగంటకి ముందు బోగ్దాన్ ఎక్కడున్నాడు?"

"ఇంట్లో. గ్రుయా వెళ్లాక కూడా లోపలే ఉన్నాడు. సినిమా మొదలైంది, వెనకే బయటికి వచ్చాడు."

"గ్రుయా వెళ్లాక ముసలాయన్ని నువ్వు చూశావా? ఎవరైనా చూశారా?"

స్టోయన్క ఒలుస్తున్న చెయ్యి ఆపి ఆలోచించింది. "మోత విన్నాం కదా" అంది.

*

గది తలుపుకు వేసిన సీలు లాలిచ్ తనే తీశాడు. నల్లటి గోడలు, మధ్యలో ఒకే ఒక కుర్చీ. వుకాషిన్ అందులో వెనక్కి వాలి, మెడకు ఉన్ని మఫ్లర్‌తో, తల వెనక దెబ్బతో దొరికాడు. ఫొటోల్లో కిటికీ మూసి ఉంది. ఇప్పుడూ మూసే ఉంది.

రదోయ్క టీవీ పెట్టి, యాంప్లిఫయర్ రిమోట్ తీసుకుని, గ్రుయా చెప్పినట్టు ఒక్కో మీట నొక్కుతూ కొలతల పేజీకి వెళ్లింది. ఏడు స్పీకర్లు వరసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా దూరం ఉంది.

"వెనక రెండూ శనివారం పొద్దున్న బిగించినవి. అవి ఈ పేజీలో ఉన్నాయంటే ఈ కొలతలు ఆ తర్వాత తీసినవే. నడిమిది చూడండి."

"ఉంది, రెండున్నర మీటర్లు. అయితే?"

"అంటే గ్రుయా కొలిచినప్పుడు దానికి వైరు ఉంది, పలికింది. ఇప్పుడు ఇటు రండి."

టీవీ కింది బల్లను ముందుకు జరిపి, మోకాళ్ల మీద కూచుని వెనక్కి టార్చి వేసింది. యాంప్లిఫయర్ వీపున జతలు జతలుగా ఎర్రటి, నల్లటి బొడిపెలు. ఒక్కో జతలో ఒక్కో వైరు, వైరుకు ఒక్కో రంగు టేపు. నడిమి స్పీకర్ అని రాసి ఉన్న జత ఖాళీగా ఉంది. ఆకుపచ్చ టేపు చుట్టిన వైరు చివరనున్న జతలో దూర్చి ఉంది. అక్కడ 'రెండో గది' అని రాసి ఉంది.

"ఈ ఇంట్లో రెండో గదిలో స్పీకర్లు లేవు" అంది రదోయ్క. "మాటలన్నీ నడిమి స్పీకర్‌కే పోవాలని యాంప్లిఫయర్ అనుకుంటోంది. పంపించింది. అక్కడ వైరు లేదు. అందుకే వాకిట్లోవాళ్లకి బాంబులు వినపడ్డాయి, మాటలు వినపడలేదు."

లాలిచ్ నవ్వాడు. "రదోయ్క గారూ, ఈ దేశంలో సినిమా చూసేవాడు ఎవడైనా చెవులతో చూస్తాడా? అడుగున వచ్చే అక్షరాలు చదువుకుంటాడు. మాటలు లేకపోతే ఏం?"

"బయటి దేశాల సినిమా అయితే మీరన్నది నిజం. ఇది మన పార్టిజాన్ల సినిమా, కొత్తగా శుభ్రం చేసి ఏడు స్పీకర్లకి సరిపడేలా వదిలిన డిస్క్. దీనికి అడుగున అక్షరాలు ఎవరు వేస్తారు?"

లాలిచ్ నవ్వడం ఆపేశాడు.

"మాటలు వినపడటం లేదని మూడు నెలలు పోట్లాడిన మనిషి. కొత్త స్పీకర్ వచ్చిన మొదటి రోజు. మాటలు రాని సినిమా ముందు రెండు గంటలు నోరు మూసుకుని కూచున్నాడంటారా? మొదటి నిమిషంలోనే గ్రుయాకి ఫోన్ చేసి తిట్టేవాడు. ఫోన్ చెయ్యలేదు. ఎందుకంటే సినిమా మొదలయ్యేసరికే ఆయన పోయాడు."

"అయితే మరీ మంచిది. పన్నెండున్నరకి ముందే పోయాడన్నమాట. అప్పుడు ఆయన పక్కనున్నది ఎవరు? మీ మరిదే. గేటులోంచి వెళ్లి, వెనక తలుపులోంచి వచ్చి సినిమా పెట్టాడు."

రదోయ్క ఈ మాట వస్తుందనే అనుకుంది. "గ్రుయా కళ్లు మూసుకుని పెట్టినా ఆకుపచ్చ వైరు రెండో గదికి పెట్టడు. ఇది ఏ వైరు ఎక్కడికో తెలియనివాడు కంగారులో దూర్చింది. స్పీకర్ విసురుగా ఎత్తితే వైరు ఇక్కడ ఊడిపోయింది."

"స్పీకర్ ఎందుకు ఎత్తుతారు?"

ఆమె చేతి తొడుగులు వేసుకుని, బల్ల మీదున్న నడిమి స్పీకర్‌ను రెండు చేతులతో తిప్పింది. బరువుకు మణికట్లు నొప్పి పుట్టాయి. గోడవైపున్న మూల చిట్లిపోయి ఉంది. చిట్లిన చోట ముదురు రంగు మరక ఎండిపోయి ఉంది.

"మీరు వెతికే సుత్తి" అంది. "అది మిరపకాయ మరకో మరొకటో లాబ్‌వాళ్లు చెప్తారు."

లాలిచ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "లాబ్‌కి రెండు రోజులు పడుతుంది. బండి రెండింటికే వెళ్తుంది. కేసు నాది."

"ఇంకొక్క పావుగంట ఇవ్వండి. మీరు వాకిట్లోకి వెళ్లి నిలబడండి, నేను సినిమా పెడతాను. ఏం వినపడుతుందో చెప్పండి."

ఎందుకని అడగబోయి, అడిగితే ఇంకో పావుగంట పడుతుందనుకున్నాడేమో, లాలిచ్ వెళ్లాడు. రదోయ్క శనివారం నాటి మోతకే సినిమా పెట్టింది. సొరంగం దద్దరిల్లింది. బల్ల అదిరింది. ఫోన్ చేసింది.

"ఏం వినపడుతోంది?"

"ఏమీ లేదు. పెట్టారా?"

"పెట్టాను. కిటికీ మూసి ఉంది. ఫొటోల్లో ఉన్నట్టే." ఆమె లేచి కిటికీ బార్లా తెరిచింది. "ఇప్పుడో?"

"వినపడుతోంది. చెవులు పగిలేట్టు."

"శనివారం వాకిట్లోవాళ్లు చివరిదాకా విన్నారు. కాబట్టి సినిమా అయ్యేదాకా కిటికీ తెరిచే ఉంది. తన బస్సుల్లో ఒకవైపు కిటికీలకి మేకులు కొట్టించిన మనిషి వుకాషిన్. గాలికి మెడ పట్టేస్తుందని ఎండల్లో కూడా మఫ్లర్ తియ్యడు. ఆయన తెరవడు. వాకిట్లోకి వినపడాలని కోరుకున్నవాడు తెరిచాడు. సరే. మరి మూసిందెవరు?"

"హంతకుడే."

"హంతకుడు ఎందుకు మూస్తాడు? వినపడటమే వాడికి కావాల్సింది. తెరిచి ఉంటేనే వాడి కథ నిలబడుతుంది. వాడు మూశాడంటే మూస్తున్నానని వాడికే తెలియకుండా మూసి ఉండాలి. ఒక పని చెయ్యండి. బోగ్దాన్‌ని లోపలికి పంపండి. శనివారం గుమ్మంలో ఎలా నిలబడ్డాడో చూపించమనండి. మీరు అక్కడే ఉండండి. వినపడటం ఆగితే వచ్చెయ్యండి. నేను పిలవకపోయినా రండి."

"ఇదేం నాటకం?"

"రండి చాలు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

హాల్లోకి వెళ్లి వెనక తలుపు తెరిచింది, గది తలుపు కూడా తెరిచిపెట్టింది. సందులోంచి వచ్చిన గాలి హాలు దాటి, గది దాటి, కిటికీలోంచి వాకిట్లోకి పోయింది. ఈ ప్రాంతంవాళ్లు దాన్ని ప్రొమాయ అంటారు. పాముకైనా భయపడరు గానీ ఎదురెదురు గాలికి భయపడతారు. రదోయ్కకు కూడా మెడ వెనక చలివేసినట్టయింది. తన చెయ్యి కిటికీ వైపు పోబోతే ఆపుకోవలసి వచ్చింది. సినిమా ఆపకుండానే, బల్ల వెనక మోకాళ్ల మీద కూచుని, ఆకుపచ్చ వైరు తీసి ఉండాల్సిన చోట పెట్టింది.

బోగ్దాన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతులు తడిగా ఉన్నాయి, వాటిని ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"ఇక్కడే నిలబడ్డానండీ" అన్నాడు. గాలికి అతని జుట్టు కళ్ల మీద పడింది. "రెండు వైపులా తెరిచి పెట్టారేంటి, గాలి కొడుతోంది. మెడ పట్టేస్తుంది మీకు."

అంటూనే మూడంగల్లో గది దాటి, కిటికీ రెక్క లాగి, పిడి కిందికి తిప్పాడు.

ఆలోచించి చేసిన పని కాదు. దోమను తోలినట్టు చేశాడు. తిరిగి రెండడుగులు వేశాక అతనికే ఏదో తట్టింది. ఆగి, వెనక్కి కిటికీని చూశాడు, తర్వాత తన చేతిని చూసుకున్నాడు.

"శనివారం అయిదింటికి తలుపు తీసినప్పుడు కూడా గాలి ఇలాగే కొట్టిందా బాబూ?" అని అడిగింది రదోయ్క.

అతను గుమ్మం దగ్గరికి వెళ్లాడు. వెళ్లిపోతాడనుకుంది. వెళ్లలేదు. తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

టీవీలో కమాండర్ సూప్‌లో ఏముందని అడిగాడు. "ఆశ ఉంది కామ్రేడ్, ఉప్పు లేదు" అన్న వంటవాడి గొంతు గది మధ్యలో నిలబడి చెప్పినట్టు స్పష్టంగా వచ్చింది. బోగ్దాన్ పెదవులు ఆ మాటతోపాటే కదిలాయి.

"సరిచేశారా" అన్నాడు.

"ఆకుపచ్చది. పక్క జతలో పెట్టాలి."

"అన్నీ ఒకలాగే కనపడ్డాయి." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "బయటికి వచ్చి కూచున్నాక తెలిసింది, మాటలు రావడం లేదని. లేచి మళ్లీ లోపలికెళ్తే అందరూ చూస్తారు. అందుకని నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ గమనించకూడదని."

"ఎందుకు చేశావు?"

"అది ఉన్న చోట అమ్మ మంచం తలగడ ఉండేది." బల్ల మీదున్న స్పీకర్‌ను చూపించాడు. "చివరి ఏడాది అమ్మకి మాట పడిపోయింది. కళ్లతో చెప్పేది. గ్రుయా వెళ్లాక మామయ్య నన్ను పిలిచాడు. కుర్చీలో వెనక్కి వాలి, 'విను బోగ్దాన్, ఈ గదిలో ఇన్నాళ్లకి ఒక గొంతు సరిగ్గా వినపడుతోంది' అన్నాడు. వేళాకోళం కూడా కాదండీ. మామూలుగా అన్నాడు. దాన్ని తీసి బయట పారేద్దామనే ఎత్తాను. పారేద్దామనే."

అతను మాట్లాడుతూ బల్ల దగ్గరికి వచ్చాడు. మాట్లాడుతూనే స్పీకర్ కింద రెండు చేతులూ పెట్టాడు. రదోయ్క బల్లకూ గోడకూ మధ్య మోకాళ్ల మీదే ఉంది. తుపాకీ ఉన్న సంచి కుర్చీలో ఉంది, కుర్చీ అతని వెనక ఉంది. ఇలాంటి చోట సంచి అంత దూరాన పెట్టినందుకు ఆమె తనను తానే తిట్టుకుంది.

"బయటికి వినపడదు ఇప్పుడు" అన్నాడు బోగ్దాన్. బెదిరించినట్టు లేదు, తనకు తనే చెప్పుకున్నట్టు ఉంది. స్పీకర్ బల్ల మీంచి లేచింది. ఆకుపచ్చ వైరు బిగుసుకుంది.

"వినపడదు. గ్రుయా పని గట్టిది" అంది రదోయ్క. "పెట్టెయ్యి బాబూ. ఒకసారి కోపంలో ఎత్తావు. ఇప్పుడు కోపంలో లేవు. ఇప్పుడు ఎత్తితే అది వేరే లెక్క."

అతను పెట్టలేదు, ఎత్తనూ లేదు. పొద్దున్నుంచీ తను చెప్పిన ఒక్క మాట కూడా లాలిచ్ చెవిన పెట్టలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. సినిమా ఆపేసిందనుకుని స్టోయన్క పక్కన కూచుని కాఫీ తాగుతూ ఉండవచ్చు. ఆమె భయపడింది. తన కోసం ఒక వంతు, రెండింటికి బండెక్కే జలుబు మనిషి కోసం ఒక వంతు.

వైరు యాంప్లిఫయర్ వెనక నుంచి ఊడింది. వంటవాడి మాట సగంలో తెగిపోయి, బాంబులు మాత్రం మిగిలాయి.

తలుపు తెరుచుకుంది. లాలిచ్ గుమ్మంలో నిలబడ్డాడు, కోటు మీద ఎర్రటి మిరపకాయ మరకతో, కొంచెం ఆయాసపడుతూ. బోగ్దాన్ చేతుల్లోని స్పీకర్‌ను చూశాడు, బల్ల వెనక రదోయ్కను చూశాడు. చెయ్యి నడుము దగ్గరికి పోయింది. తర్వాత అతని చూపు కిటికీ మీద ఆగింది.

"కిటికీ ఎవరు మూశారు?" అని అడిగాడు.

బోగ్దాన్ స్పీకర్‌ను జాగ్రత్తగా ఉన్నచోటే దించాడు, చిట్లిన మూల గోడవైపు వచ్చేలా.

"నేనే" అన్నాడు. "గాలి కొడుతుంటే..."

కుర్చీలో కూచోబోయి, అది ఎవరి కుర్చీయో గుర్తొచ్చినట్టు, నేల మీద కూలబడ్డాడు.

లాలిచ్ అతని పక్కన నిలబడి, రెండో చేత్తో ఫోన్ తీశాడు. రదోయ్క బల్ల పట్టుకుని లేచి, సినిమా ఆపింది. గడియారం రెండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"నేను లాలిచ్‌ని. ఆ గ్రుయాని బండెక్కించకండి" అన్నాడు. అవతలివాళ్లు చెప్పింది విన్నాడు. రదోయ్క మొహం వైపు చూడకుండా గోడకేసి తిరిగాడు.

"ఎక్కించేశారా? అయితే దింపండి."